పన్నెండింటికి పోటు

సముద్రాన్ని నేను ముప్పై ఏళ్లు గుడ్డతో తుడిచాను. నమ్మకపోతే మా జువాలజీ డిపార్ట్‌మెంట్ మ్యూజియానికి వెళ్లి చూడండి. పగడాలు, నక్షత్ర చేపలు, ఆక్టోపస్, ముళ్ల ఉండలాంటి జీవులు, అన్నీ ఫార్మలిన్ సీసాల్లో వరసగా కూర్చుని ఉంటాయి. వాటి దుమ్ము దులపడం, మందునీళ్లు తగ్గితే పోయడం, ఊడిన లేబుల్ మళ్లీ అతికించడం నా ఉద్యోగం. కాగితం మీద ల్యాబ్ అసిస్టెంట్‌ని. పిల్లల నోట్లో సీసాల కాకాని.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు తార్నాక చౌరస్తాలో చాయ్ దగ్గర కనబడితే, మీ సర్వీసులో గొప్ప పని ఏంది కాకా అని అడుగుతారు. గొప్ప పనులు చెప్పుకుంటే అబద్ధాలు కలుస్తాయి. తప్పు చెప్పుకుంటే కలవవు, ఎవరూ తమ తప్పును పెంచి చెప్పుకోరు కదా. అందుకని అండమాన్‌లో నేను చేసిన తప్పు చెబుతాను. అది నా పనితనం వల్ల జరిగింది కాదు. ఆ విషయంలో ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. తెలుగు వల్ల జరిగింది.

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు ఎమ్మెస్సీ పిల్లల స్టడీ టూరు అండమాన్ దీవులకు పడింది. పద్నాలుగు మంది పిల్లలు, ఒక ప్రొఫెసర్, ఒక లేడీ లెక్చరర్. సామాను చూసుకోవడానికి నేను. ప్రొఫెసర్ గారిది పురుగుల స్పెషలైజేషన్. చీమ కాలు చూసి ఊరు చెప్పగలరు గానీ నీళ్లంటే బకెట్టు దాకే. అందుకే మీటింగులో "మనలో ఈత ఎవరికొచ్చు?" అని అడిగారు. నేను చెయ్యెత్తాను. మా ఊరి మోటబావిలో, వీపుకు బెండ్లు కట్టుకుని ఆరేళ్లకే నేర్చినవాణ్ణి. ఆ చెయ్యి ఎత్తడంతో సముద్రం మొత్తానికి నేను ఇన్‌చార్జి అయిపోయాను.

ఆ పద్నాలుగు మందిలో ఒకమ్మాయి గురించి చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లాసులో ఇంగ్లిష్ పేర్లు నోరు తిరగక, సాయంత్రాలు మ్యూజియానికి వచ్చి సీసాల ముందు నిలబడి గొణుక్కుంటూ బట్టీ పట్టేది. నేను ఆమెకు నా పద్ధతి నేర్పాను. పేరు మరిచిపోతే చోటు గుర్తుపెట్టుకో అని. మూడో అల్మారా, కింది వరస, ఎడమ నుంచి నాలుగు. చోటు గుర్తొస్తే పేరు దానంతటదే వస్తుంది. ఆ సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో ఆమెకే ఫస్టు వచ్చింది.

ఆమె తండ్రి సీతాఫల్‌మండిలో ఆటో నడుపుతాడు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబం. కూతుర్ని టూరుకు పంపనన్నాడు. ఆమె ఏడుస్తూ నా దగ్గరికి వస్తే, నేనే వెళ్లి తార్నాకలో ఆటో స్టాండు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

"నీళ్లు మా ఇంటికి అచ్చిరావన్నా" అన్నాడు. "మా తమ్ముడు బాయిల పోయిండు. ఇరవై ఏండ్ల పోరడు. గప్పటి సంది నీళ్లంటె మా ఇంట్ల పడది."

"నేనుంటగా" అన్నాను. "నా బిడ్డ లెక్క చూస్త. ఎట్ల తోల్కపోయిన్నో గట్లనే తెచ్చి నీకు అప్పజెప్త."

ఆయన చాలాసేపు హ్యాండిల్ తుడుస్తూ ఉండిపోయాడు. తర్వాత, "నీ చేతిల పెడుతున్న మరి" అన్నాడు. నా సర్వీసులో చాలా వాటికి సంతకం పెట్టి తీసుకున్నాను. ఇది సంతకం లేకుండా తీసుకున్నది.

వెళ్లే ముందు నెల రోజులు క్యాంపస్ ఈతకొలనులో పిల్లలందరికీ స్నార్కెలింగ్ నేర్పించాను. నాకూ అప్పుడే తెలిసింది అదేమిటో. కళ్లకు అద్దం, నోట్లో గొట్టం, ఒంటికి గాలి జాకెట్టు, నీళ్ల మీద బోర్లా పడుకోవడం. అంతే. ఈత రానవసరం లేదు. ఆ అమ్మాయి మొదటి వారం గట్టు వదల్లేదు. "నీళ్లతో కొట్లాడకు బిడ్డా, నీళ్లు నిన్ను మోస్తయి, మోయనియ్" అని రోజూ చెప్పేవాణ్ణి. రెండో వారం పడుకుంది. మూడో వారం లేవమన్నా లేవలేదు.

చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి మూడు రోజులు ఓడ. లేడీ లెక్చరర్‌కు ఓడ పడక, దీవి చేరినా లాడ్జి మంచం దిగలేదు. మేము చూడాల్సినవి రెండు దీవులు. ఒకటి పెద్దది. దాని పక్కనే అడవితో నిండిన చిన్న దీవి. రెండింటి మధ్య తెల్లటి ఇసుకబాట ఉంటుంది. సముద్రం తగ్గినప్పుడు దాని మీద నడిచి అవతలికి పోవచ్చు. పొద్దున పెద్ద దీవి దగ్గర స్నార్కెలింగ్, మధ్యాహ్నం చిన్న దీవిలో అడవి చూడటం. ఇదీ ప్రోగ్రాం.

పొద్దున్నే బోటు ఎక్కాం. బోటాయన శ్రీకాకుళం వైపువాడు. తాతల కాలంలోనే వలస వచ్చారట. "మనోడే, తెలుగువాడే" అని ప్రొఫెసర్ గారు తెగ సంబరపడి, "టైమింగ్స్ అవీ మీరే మాట్లాడండి" అని నాకు అప్పగించారు.

"మద్దేనం పన్నెండింటికి పోటు మొదలౌతాదండి" అన్నాడు బోటాయన. "రెండయ్యేసరికి గట్టిగుంటాది. అప్పుడింక నాను కదల్లేను."

నాకు జాలి వేసింది. మా వైపు పోటంటే ఒకటే పోటు, కడుపులో సూదులు పెట్టి పొడిచినట్టుండే నొప్పి. "ఎన్ని రోజుల సంది?" అని అడిగాను.

"ఎన్నాళ్లేటండి, మా తాతల కాణ్ణుంచీ ఉన్నదే. రోజుకి రెండుసార్లొస్తాది."

"మల్ల ఎట్ల తగ్గుతది?"

"దానికదే తగ్గుతాదండి, ఆరు గంటలు పడతాది."

వంశపారంపర్యం అన్నమాట, అనుకున్నాను. నా సంచిలో ఎప్పుడూ వాము పొట్లం ఉంటుంది. తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. పల్లెటూరి మనిషి, కృతజ్ఞత ఎక్కువ అనుకున్నాను. ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్లి, "బోటాయనకు పన్నెండు నుంచి కడుపునొప్పి వస్తదట సార్, రెండింటికి మస్తు ఎక్కువైతదట. మనం తొందరపెట్టొద్దు. మూడున్నర దాటినంక తాపీగ వద్దాం, ఆయనకు కొంచెం రెస్టు దొరుకుతది" అన్నాను. "మంచి ఆలోచన" అన్నారు ఆయన. నా మంచితనం నాకే నచ్చింది.

ఇక ఆ పొద్దుటి సంగతి. నేను నీళ్లలో ముఖం పెట్టిన క్షణం చెప్పకపోతే ఈ కథ మొత్తం దండగ.

సీసాలో పడ్డ ఏ జీవికైనా కొన్నాళ్లకు రంగు పోతుంది. అన్నీ పాత కాగితం రంగుకు వస్తాయి. ముప్పై ఏళ్లు అవి పుట్టుకతోనే అలా ఉంటాయని నమ్మినవాణ్ణి నేను. ముఖం నీళ్లలో పెట్టి కళ్లు తెరిస్తే కింద మూడో అల్మారా, కింది వరస, ఎడమ నుంచి నాలుగు. నక్షత్ర చేప. నీలంగా ఉంది. పెళ్లికూతురి పట్టుచీరలో ఉండే నీలం. దాని పక్కన మొదటి అల్మారా మొత్తం పగడం, ఊదా, పసుపు, ఆకుపచ్చ. మధ్యలో చేపలు నన్ను లెక్క చేయకుండా తిరుగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. అద్దంలో నీళ్లు చేరాయి. పిల్లలు అది సముద్రం నీళ్లే అనుకుని, "కాకా, స్ట్రాప్ టైట్ చేస్కోండి" అన్నారు. నేను దిద్దలేదు.

ఆ గంటలో ప్రొఫెసర్ గారు పుస్తకం తిరగేసేలోపే నేను ఇరవై జీవులకు పేర్లు చెప్పాను. ఆ అమ్మాయి పదిహేడు చెప్పింది. మిగతా పిల్లలు ఇంగ్లిష్‌లో ఆశ్చర్యపోయారు.

పదకొండింటికి ఇసుకబాట మీదుగా చిన్న దీవికి నడిచాం. బోటాయన పెద్ద దీవి ఒడ్డునే ఉండిపోయాడు. పిల్లలు జాకెట్లు, అద్దాలు అన్నీ బోటులో పడేసి పోదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇష్యూ చేసిన సామాను వదిలి కదలడం నా వంట్లో లేదు. "ఎవరి పేరు మీద ఉన్న జాకెట్టు వాళ్లు మోయాలె" అన్నాను. అడవిలో అంత ఎండకు నారింజరంగు జాకెట్లు భుజాన వేసుకుని నడుస్తూ పిల్లలు నన్ను ఏమేం తిట్టుకున్నారో నాకు కొంత వినబడింది. నా సంచిలో సర్వే తాడు కూడా ఉంది. నేల మీద పరిచి ఎన్ని జీవులున్నాయో లెక్కపెట్టే యాభై మీటర్ల నైలాన్ తాడు, మీటరుకో ముడి. అడవిలో పీతలను లెక్కపెట్టడానికి తెచ్చాను. పీతలు నిలబడలేదు గానీ, శంఖాలు ఇళ్లుగా మోసుకుని తిరిగే పీతలను ఇంకా మరిచిపోలేదు. ఆ దీవిలో గవ్వ ఏరినా నేరమే. మ్యూజియం మనిషిని, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను.

మూడున్నరకు ఒడ్డుకు వస్తే ఇసుకబాట లేదు.

ఇటు చివర కొంచెం, అటు చివర కొంచెం తెలుపు కనిపిస్తోంది. మధ్యలో వంద అడుగుల మేర నీళ్లు. రెండు వైపుల నుంచీ అలలు వచ్చి సరిగ్గా బాట మీదే ఢీకొంటున్నాయి. అవతల బోటాయన రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. గాలికి ఒక్క మాటే వినబడుతోంది. "పోటు! పోటు!"

"పాపం, గట్టిగ పట్టుకున్నట్టున్నది" అన్నాను నేను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చెవులు కాలుతాయి.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "ఏం పట్టుకున్నది కాకా?"

"కడుపునొప్పి. పొద్దున చెప్పిండు. పన్నెండింటికి పోటు మొదలైతదట, రెండింటికి కదల్లేడట."

ఆమె ముఖం మారింది. "కాకా, పోటంటె కడుపునొప్పి కాదు. ఆటుపోట్లు. ఆరో తరగతి సోషల్ బుక్కుల ఉంటది. సముద్రం పొంగుడు."

ప్రొఫెసర్ గారు "టైడ్" అన్నారు నెమ్మదిగా, ఆ మాట అప్పుడే పుట్టినట్టు. ఆయన, పద్నాలుగు మంది పిల్లలు, పరీక్షలో టైడ్ మీద నాలుగు పేజీలు రాయగలిగినవాళ్లు. పోటుకూ టైడుకూ చుట్టరికం ఉందని తెలిసింది మాత్రం తెలుగు మీడియం పిల్లకే.

ఆరు గంటలంటే సాయంత్రం ఆరు దాకా నీళ్లు పెరుగుతూనే ఉంటాయి. తగ్గేసరికి ఇంకో ఆరు. అక్కడ ఐదు దాటితే చీకటి. ఆ దీవిలో రాత్రి ఉండకూడదు. తాగే నీళ్లు లేవు, ఫోన్లకు సిగ్నల్ లేదు. రెండు అలలు కొట్టుకునే చోటుకు బోటు రాలేదు. వెనకంతా రాళ్లు. పొద్దున ఆయన కదల్లేనన్నది అందుకే.

తప్పు నాది కాబట్టి దారి కూడా నేనే చూడాలి. తాడు ఒక కొస చెట్టుకు కట్టి, రెండో కొస నా నడుముకు కట్టుకున్నాను. నేను అవతలికి పోయి బోటు లంగరుకు కడితే, అందరూ తాడు పట్టుకుని రావచ్చు. చొక్కా విప్పి నీళ్లలోకి దిగబోయాను.

"జాకెట్ తొడుక్కో కాకా" అంది ఆ అమ్మాయి.

"నాకు ఈతొచ్చు బిడ్డా."

"మా చిన్నాయినకు కూడ వచ్చు" అంది.

జాకెట్టు తొడుక్కున్నాను.

నలభై అడుగులు నడిచాను. నీళ్లు ఛాతీకొచ్చాయి, కాళ్లు తేలిపోయాయి. అక్కడి నుంచి ఈత. బావిలో నేర్చినవాడికి ఒక అలవాటుంటుంది. ఎటు కొట్టినా పది బారల్లో గోడ తగులుతుందని చేతులు నమ్ముతాయి. పది బారలు కొట్టాను. గోడ లేదు. ఇంకో పది. ప్రవాహం నన్ను పక్కకు లాగుతోంది, నేను బోటాయన వైపే సూటిగా పోవాలని గింజుకుంటున్నాను. నోట్లోకి ఉప్పునీళ్లు పోయాయి. ఊపిరి అందలేదు. భయం వేసింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి, సీసాలో ఉన్నవాటి తరఫున ఆలోచించాను.

వెనక నుంచి ఆ పిల్ల గొంతు. "కొట్లాడకు కాకా. పండు. మోయనియ్."

నా మాటలే. నా యాసలోనే. చేతులు వదిలేసి వెల్లకిలా పడుకున్నాను. జాకెట్టు మోసింది. ప్రవాహం నన్ను ఏటవాలుగా తీసుకుపోతుంటే కాళ్లు మాత్రం ఆడించాను. అవతలి ఇసుకకు చాలా పక్కగా చేరాను. బోటాయన నడుము లోతు నీళ్లలోకి పరిగెత్తుకొచ్చి జాకెట్టు పట్టి లాగాడు.

తాడు లంగరుకు బిగించాం. ఎవరు ముందు రావాలన్నది ప్రశ్న. ఈత వచ్చిన పిల్లలు ముగ్గురున్నారు, వాళ్లను రమ్మని సైగ చేశాను. ఆ అమ్మాయిని చివర్లో ప్రొఫెసర్ గారితో రప్పిద్దామని నా ఆలోచన. అంతలో ఆమే ముందుకొచ్చింది. గాలికి ఆగి ఆగి వినబడింది. "నీళ్లు పెరుగుతున్నయి కాకా. ఈత రానోళ్లే ముందు రావాలె. వచ్చినోళ్లు ఎక్కువ నీళ్లలో గూడ రాగలరు."

లెక్క సరిగ్గా ఉంది. కానీ ఆటో స్టాండులో హ్యాండిల్ తుడిచిన ఆ చెయ్యే నా కళ్ల ముందు ఉంది. వద్దని చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి దించేసరికి ఆమె అద్దం పెట్టుకుని, గొట్టం కరిచి, మోచెయ్యి తాడు మీదుగా వేసి నీళ్లలో బోర్లా పడుకుంది. అలలు తల మీదుగా పోతున్నాయి. గొట్టం కొస మాత్రం కనిపిస్తోంది. ఒక ముడి, ఇంకో ముడి. నేను ముడులు లెక్కపెడుతూ నడుము లోతుకు దిగాను. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. నా వరకు చాలాసేపు. మళ్లీ కదిలింది.

చెయ్యి అందగానే లాగాను. గొట్టం ఉమ్మేసి, రొప్పుతూ, "కింద నీలం చుక్క ఉన్నది కాకా" అంది. "మూడో అల్మారా."

అందుకా ఆగింది! కొట్టాలో మొక్కాలో అర్థం కాలేదు. భుజం పట్టుకుని నిలబడ్డాను.

ఆమెను చూశాక మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. చివరగా ప్రొఫెసర్ గారు వచ్చారు, టోపీ రాలేదు. బోటు ఎక్కేసరికి వెలుతురు పోతోంది. బోటాయన నన్ను అదేపనిగా చూశాడు.

"పోటొస్తాదని సెప్పినాను గదండీ."

"కడుపునొప్పి అనుకున్న" అన్నాను.

ఆయన బోటు కొమ్ము వైపు చూశాడు. "అందుకేటి ఆ పొట్లం ఇచ్చినారు? నాను మీ ఊరి పెసాదమనుకున్నాను." బోటు ముందు కొమ్ముకు నా వాము పొట్లం తాడుతో కట్టి ఉంది. అప్పుడు అందరూ నవ్వారు. నేను కొంత ఆలస్యంగా నవ్వాను.

తిరిగి వచ్చిన రోజు తార్నాక చౌరస్తాలో ఆ తండ్రి ఆటోతో నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి సామాను ఎక్కిస్తుంటే నేను ఆయన్ని పక్కకు తీసుకుపోయి మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. నా తప్పు వల్ల నీ బిడ్డ నీళ్లలో పడిందన్నాను. జాకెట్ విషయంలో ఆమె అన్న మాట కూడా చెప్పాను.

తిడతాడనుకున్నాను. తిట్టినా పడాలి.

"బిడ్డ భయపడ్డదా అన్నా?"

"నేను భయపడ్డ. ఆమె పడలే."

తల ఊపాడు. "ఇంకోసారి పోయినప్పుడు అర్థమడుగు" అన్నాడు. "తెలుగైనా సరే, అడుగు."

ఇంకోసారి అన్నాడు. ఆ ఒక్క మాట వెనక ఎంత ఉందో మా ఇద్దరికీ తెలుసు. నాకు సర్వీసులో మెమోలు వచ్చాయి, ఒక శాలువా కూడా వచ్చింది. అంత సూటి మాట మాత్రం మళ్లీ రాలేదు. అప్పటి నుంచి తెలిసిన మాటకే ముందు అర్థం అడుగుతాను. మీరు కూడా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

నేను రిటైరయ్యాను. డిపార్ట్‌మెంటులో ఎవరైనా అర్థం కాకుండా తలూపితే 'వాము పొట్లం' అంటారట ఇప్పటికీ. ఆ అమ్మాయి అదే దీవుల్లో పగడాల మీద పరిశోధన చేస్తోంది, సంవత్సరంలో సగం రోజులు అక్కడే. వాళ్ల నాన్న, నేను సాయంత్రాలు తార్నాకలో చాయ్ తాగుతాం. మొన్న ఆమె నాలుగు రోజులుగా ఫోన్ చేయలేదని నాకు మనసు మనసులో లేదు. ఆయన ముందే ఆమె నంబరు కలిపాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలపబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నాడు.

"ఇప్పుడు ఎత్తదన్నా, నీళ్లల్ల ఉంటది. ఐదుంబావుకు పోటు మొదలైతది, అప్పుడు ఒడ్డుకొస్తది" అన్నాడు. "చాయ్ తాగు."

ఐదున్నరకు ఫోను మోగింది.